ఎముకలో పుట్టే నెత్తురు

నడుముకు కాస్త కింద, తుంటి ఎముక వెనుకభాగంలో మత్తు ఇచ్చి, లావుపాటి సూదిని ఎముక లోపలికి దించుతారు. సిరంజి లాగినప్పుడు మాత్రం ఎవరో లోపలి నుంచి గుంజినట్టు రోగికి ఒక్కసారి జివ్వుమంటుంది. సిరంజిలోకి వచ్చేది చూపుకు చిక్కటి నెత్తురే. గాజు పలక మీద పోసి వాలిస్తే అందులో రవ్వలాంటి సన్నటి పలుకులు తేలతాయి. అవే మూలుగ తునకలు. రక్తకణాలు ఎందుకు తగ్గాయో, ఎందుకు అదుపు తప్పి పెరిగాయో తేల్చడానికి చేసే బోన్ మ్యారో పరీక్ష ఇదే.

తుంటినే ఎంచుకోవడానికి కారణముంది. పుట్టిన బిడ్డకు ఎముకలన్నిటా ఎర్ర మూలుగే. వయసు పెరిగేకొద్దీ కాళ్లూ చేతుల పొడవాటి ఎముకల నడుమ కొవ్వు చేరి అది పసుపు మూలుగవుతుంది. పెద్దవాళ్లలో నెత్తురు తయారీ ప్రధానంగా తుంటి, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకలు, పుర్రెల్లోనే సాగుతుంది. రక్తం బాగా పోయి కణాలకు కరువొస్తే పసుపు మూలుగ కొంత మళ్లీ ఎర్రబడి పనిలోకి దిగుతుంది.

ఎముకలోని ఈ మెత్తటి పదార్థంలోనే రక్తకణాలు పుడతాయని 1868లో ఎర్నెస్ట్ నాయ్‌మన్, జూలియో బిజ్జోజెరో విడివిడిగా ప్రకటించారు.

ఎముక కొసల్లోని సన్నటి గదుల నిండా మూలుగ ఉంటుంది. దాని మధ్య పల్చటి గోడలున్న రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. మూలకణాల నుంచి ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ వస్తాయి. ఎర్రకణం తన కేంద్రకాన్ని వదిలేసుకుని నాళంలోకి జారుతుంది. మెగాకార్యోసైట్ అనే భారీ కణమైతే కదలకుండా, నాళం గోడలోంచి తన కొసలను లోపలికి చాపుతుంది. రక్తప్రవాహానికి ఆ కొసలు తెగి ప్లేట్‌లెట్లవుతాయి.

ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు, ప్లేట్‌లెట్‌ది వారం, పది రోజులు. పోయినవాటి లోటు పూడ్చడానికి మూలుగ రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్రకణాలను తయారుచేస్తుంది. ఎన్ని కావాలో చెప్పేది మూత్రపిండాలు. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే అవి ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతాయి. కిడ్నీలు దెబ్బతిన్నవారికి రక్తహీనత రావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంత వేగంగా కణాలు చీలాలంటే ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం అందుతూనే ఉండాలి. ఫోలిక్ ఆమ్లం చాలకపోతే డీఎన్ఏ తయారీ కుంటుపడుతుంది. కణాలు ఉబ్బుతాయే గానీ సరిగా చీలవు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీ పరిశోధకులు 1940లలో ఈ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు.

ఆ బృందమే దానికి ఎదురు మందునూ చేసింది. లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో మూలుగ నిండా పక్వం కాని తెల్లకణాలు పెరిగిపోయి, మంచి కణాలకు చోటు లేకుండా చేస్తాయి. ఆ రోగకణాలకు ఫోలిక్ ఆమ్లం దక్కకుండా చేస్తే? ఫోలిక్ ఆమ్లం రూపంతోనే ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 1948లో వెలువడిన ఆయన నివేదిక ప్రకారం 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. సుబ్బారావు అదే ఏడాది కన్నుమూశారు.

ఇలాంటి మందులు రోగకణాన్నే వెతికి పట్టుకోలేవు. వేగంగా చీలే ప్రతి కణాన్నీ దెబ్బతీస్తాయి కాబట్టి మంచి మూలుగా నష్టపోతుంది. కీమోథెరపీలో ఉన్నవారికి పదేపదే రక్తపరీక్ష చేసేది ఇందుకే. మూలుగ పూర్తిగా పాడైతే మరొకరి మూలకణాలను రక్తనాళం ద్వారా ఎక్కిస్తారు. అవి దారి వెతుక్కుని ఎముకల్లోకి చేరి కొత్త కణాలను పుట్టిస్తాయి. ఈ చికిత్సకు బాటవేసిన డోనల్ థామస్‌కు 1990లో నోబెల్ దక్కింది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1983లోనే ఈ మార్పిడి చేశారు. ఒక్కో తోబుట్టువు మూలుగ రోగికి పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి.

అమినోప్టెరిన్ తర్వాత లెడర్లే నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికి కూడా తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారి వాడుతున్నారు. మూలుగ మరీ దెబ్బతినకుండా డాక్టర్లు దానికి తోడుగా ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు.