అబ్బాయి డీజే... అమెరికా నుంచి పిలుపు! వీసా సంగతి చూశారా?

మా ఎదురింటి వదినగారి రెండో అబ్బాయి డీజే. డిగ్రీ అయ్యాక బుద్ధిగా ఉద్యోగంలో చేరతాడనుకుంటే, పెళ్ళి ఊరేగింపుల్లో పాటలు వేస్తూ తిరుగుతున్నాడని వదినగారు మొదట్లో తెగ బాధపడిపోయేవారు. రాను రాను వాడికి పేరొచ్చింది. సంగీత్ అంటే వాడే, రిసెప్షన్ అంటే వాడే. ముహూర్తాల నెలల్లో ఇంటి పట్టున కూర్చుని అన్నం తినే తీరికే ఉండేది కాదు.

కిందటేడు అమెరికాలో ఉన్న చుట్టాలు ఫోన్ చేశారు. "మా అమ్మాయి పెళ్ళికి వాణ్ణి పంపించండి వదినా. టికెట్ మేం పెట్టుకుంటాం, చేతిలో కూడా ఏదో పెడతాం. విజిటర్ వీసా ఉంది కదా, అది చాలు" అన్నారు. వదినగారు మురిసిపోయి జంతికలు, కజ్జికాయలు డబ్బాలకెత్తి మరీ పంపించారు.

మూడో రోజుకల్లా అబ్బాయి తిరిగొచ్చేశాడు. జంతికల డబ్బా మూత కూడా తీయలేదు!

జరిగిందేమిటంటే, అక్కడి విమానాశ్రయంలో అధికారి "ఎందుకొచ్చావు?" అనడిగాడు. "చుట్టాల పెళ్ళికి" అన్నాడు వీడు. పెట్టె తెరిస్తే అందులో డీజే కంట్రోలర్, హెడ్‌ఫోన్లు. ఫోన్ చూస్తే అందులో "సంగీత్‌కి ఇంత, రిసెప్షన్‌కి ఇంత" అన్న మెసేజీలు. వీసా రద్దు చేసి, తర్వాతి విమానం ఎక్కించేశారు.

"దొంగతనం చేశాడా, దొమ్మీ చేశాడా? పాటలేగా వేస్తానన్నాడు!" అని వదినగారు కళ్ళొత్తుకున్నారు. ఇప్పుడు మన పిల్లల్లో డీజేలు చాలామందే ఉన్నారు. విదేశాల్లో మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకు, పండుగలకు పిలుపులూ వస్తున్నాయి. అందుకే ఈ రూల్స్ ఏమిటో మన తల్లులు కూడా కాస్త తెలుసుకుని ఉంటే మంచిది.

చుట్టపుచూపు వేరు, పని వేరు

అమెరికా వాళ్ళిచ్చే బి-1, బి-2 విజిటర్ వీసా చుట్టాలను చూడటానికి, ఊళ్ళు తిరగడానికి, వ్యాపార సమావేశాలకి. దానిమీద వెళ్ళి పెళ్ళిలో భోజనం చేయొచ్చు, డ్యాన్సు చేయొచ్చు. కానీ వృత్తిగా డీజే చేసే మనిషి స్టేజీ ఎక్కి పాటలు వేస్తే అది "పని" కిందికి వస్తుంది.

కళాకారులకు అక్కడ వేరే వీసాలున్నాయి. అంతర్జాతీయంగా పేరున్న బృందాలకు పి-1, ఒక జాతి సంస్కృతికి ప్రత్యేకమైన కళలకు పి-3, తమ రంగంలో విశేషమైన పేరు తెచ్చుకున్నవారికి ఓ-1. వీటికి మనంతట మనం దరఖాస్తు పెట్టుకోవడానికి వీల్లేదు. ముందు అమెరికాలో ఉన్న నిర్వాహకుడో, ఏజెంటో ఐ-129 అనే ఫారం నింపి అక్కడి వలస సేవల శాఖకు పంపాలి. అది మంజూరయ్యాకే మనవాళ్ళు ఇక్కడి కాన్సులేట్‌లో వీసాకి వెళ్ళాలి. తానా, ఆటా వంటి తెలుగు సంఘాల సభల్లో పాడటానికి ఇక్కణ్ణించి వెళ్ళే వృత్తి కళాకారులకైనా చట్టం ఇదే.

ఒక్కడే వెళ్ళే మామూలు డీజేకి ఈ తలుపులు అంత సులువుగా తెరుచుకోవు. ఉన్న మాట ఇది. మనసు కష్టపడినా ముందే తెలిస్తే నయం కదా!

"డబ్బు తీసుకోడులెండి, ఊరికే వేస్తాడు" అంటే?

చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. అమెరికా రూల్స్ ప్రకారం డబ్బు తీసుకోకుండా, సరదా కార్యక్రమంలోనో ధర్మకార్యంలోనో పాల్గొనే వీలు ఔత్సాహికులకే ఉంది. అంటే మామూలుగా ఎక్కడా పారితోషికం తీసుకోనివారికి. మన ఊళ్ళో డబ్బు తీసుకుని డీజే చేసేవాడు "ఈ ఒక్కసారికీ ఉచితం" అన్నా ఆ వెసులుబాటు వర్తించదు. బంధువులు టికెట్ పెట్టారు, చేతిలో కవరు పెట్టారు, బంగారు ఉంగరం తొడిగారు అన్నా అంతే.

అధికారి ముందు అబద్ధం చెబితే మరీ ప్రమాదం. వెంటనే తిప్పి పంపే ఉత్తర్వు రాస్తే మామూలుగా 5 ఏళ్ళు ఆ దేశంలో అడుగు పెట్టే వీలుండదు. మోసపు మాట చెప్పి వీసా తీసుకున్నట్టు తేలితే జీవితాంతం తలుపులు మూసుకుపోవచ్చు. రేపు పైచదువులకో, ఉద్యోగానికో వెళ్దామన్నా ఇది అడ్డొస్తుంది.

బ్రిటన్, దుబాయ్‌ల సంగతి

బ్రిటన్‌లో కొంచెం వెసులుబాటుంది. 2024 జనవరి 31 నుంచి అక్కడి విజిటర్ వీసాలోనే ముందుగా ఒప్పుకున్న కొన్ని పారితోషికపు పనులకు అనుమతి కలిపారు. వృత్తి కళాకారులకు ఇది పనికొస్తుంది. కానీ షరతులున్నాయి. అక్కడి కళాసంస్థో, ఏజెంటో, ప్రసార సంస్థో ముందుగా ఆహ్వాన పత్రం ఇవ్వాలి. వీసా దరఖాస్తులోనే ఆ సంగతి రాయాలి. ఆ దేశంలో దిగిన 30 రోజుల్లోపు కార్యక్రమం పూర్తి కావాలి. "మా పిన్నిగారబ్బాయి పిలిచాడు" అంటే ఆ ఆహ్వానం చాలదు. అంతకన్నా ఎక్కువ రోజుల పని ఉంటే స్పాన్సర్ ద్వారా క్రియేటివ్ వర్కర్ వీసా తీసుకోవాలి.

దుబాయ్ దగ్గరే కదా, వారం రోజుల విజిట్ వీసా చాలనుకుంటారు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. వినోద కార్యక్రమం జరపాలంటే నిర్వాహకుడు అక్కడి ప్రభుత్వ శాఖ నుంచి పర్మిట్ తీసుకోవాలి, ప్రదర్శించే కళాకారుల వివరాలు కూడా అందులో చేర్చాలి. ఆ పర్మిట్ కాపీ చేతికొచ్చేదాకా మనవాడు పెట్టె సర్దకపోవడమే మేలు.

చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలకు మరీ జాగ్రత్త

ఇక్కణ్ణించి వెళ్ళే డీజేల కంటే ఎక్కువ చిక్కు అక్కడే చదువుకుంటున్న పిల్లలది. శనాదివారాల్లో తెలుగువాళ్ళ పుట్టినరోజులకో, సీమంతాలకో పాటలు వేసి నాలుగు డాలర్లు సంపాదించుకుంటున్నాడని మనం ఇక్కడ గర్వంగా చెప్పుకుంటాం.

అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు. బయట పని చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. చదువులో భాగంగానో, చదువయ్యాకో ఇచ్చే పని అనుమతులు కూడా చదివిన సబ్జెక్టుకు సంబంధించిన పనికే. కంప్యూటర్ సైన్సు చదివేవాడికి పెళ్ళి పాటలు ఆ లెక్కలోకి రావు. హెచ్-1బి మీద ఉద్యోగం చేసేవాళ్ళూ తమ తరఫున దరఖాస్తు పెట్టిన కంపెనీకే పని చేయాలి. సాయంత్రాలు డబ్బు తీసుకుని డీజే చేస్తే తప్పే.

బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ చదివే పిల్లలకు మామూలుగా వారానికి 20 గంటల పని అనుమతి ఉంటుంది. అయితే సొంత వ్యాపారం చేయకూడదు, వినోద కళాకారుడిగానూ పని చేయకూడదు. అంటే హోటల్లో వడ్డించవచ్చు కానీ, అదే హోటల్లో డీజే చేయకూడదన్నమాట!

లక్షలు అప్పు చేసి పంపించిన చదువు ఒక్క రాత్రి పాటల కోసం పోగొట్టుకుంటామా చెప్పండి?

పాటలకూ లైసెన్సు ఉంటుంది

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ పెళ్ళి ఊరేగింపుకి, పెళ్ళికి సంబంధించిన వేడుకలకి మినహాయింపు ఇచ్చింది. అందుకే మన పెళ్ళిళ్ళలో ఈ మాట పెద్దగా వినపడదు. హోటల్లో టికెట్టు పెట్టి జరిపే డిసెంబరు 31 పార్టీకి మాత్రం లైసెన్సు ఉండాల్సిందే. బయటి దేశాల్లో ఏ దేశపు చట్టం దానిదే.

హాల్లో పాట వినిపించడానికి లైసెన్సు చాలాచోట్ల హాలువాళ్ళో, నిర్వాహకులో తీసుకుంటారు. బ్రిటన్‌లో 2018 నుంచి రెండు సంస్థలు కలిసి ఒకే మ్యూజిక్ లైసెన్సు ఇస్తున్నాయి. అమెరికాలో ఆస్కాప్, బి.ఎమ్.ఐ. వంటి సంస్థలకు హాళ్ళు రుసుము కడతాయి. "తెలుగు పాటలే కదా, అక్కడివాళ్ళకేం తెలుస్తుంది?" అనుకోవద్దు. మన రచయితల, స్వరకర్తల హక్కులు చూసే ఐ.పి.ఆర్.ఎస్. సంస్థకు ఆ దేశాల సంస్థలతో ఒప్పందాలున్నాయి.

హాలు లైసెన్సుతో డీజే బాధ్యత తీరిపోదు. జర్మనీలో గెమా అనే సంస్థ 2013 ఏప్రిల్ నుంచి డీజేలు కాపీ చేసి వాడే పాటలకు విడిగా రుసుము పెట్టింది. అప్పట్లో ఒక్కో కాపీకి 13 సెంట్లు. వేల పాటలు లాప్‌టాప్‌లో మోసుకెళ్ళేవాడికి అదెంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఇంట్లో వినడానికి నెలకింత అని కట్టే స్పాటిఫై లాంటి వాటిని సభల్లో వాడటానికి వాళ్ళ షరతులు ఒప్పుకోవు. డబ్బిచ్చి కొన్న పాటలే వాడాలి, కొన్న రసీదులు దాచుకోవాలి.

సామానుకి కాగితం, సంపాదనకి పన్ను

కంట్రోలర్, మిక్సర్ వంటి ఖరీదైన సామాను పట్టుకెళ్తుంటే, మన విమానాశ్రయంలో లగేజీ అప్పగించే ముందే కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు "ఇది అక్కడ కొన్నదేమో" అని సుంకం అడిగితే చూపడానికి ఏమీ ఉండదు. పెద్ద ఎత్తున స్పీకర్లూ అవీ వెళ్తుంటే ఏటీఏ కార్నే అనే పత్రం ఉంది. ఇది మన తెలుగువాళ్ళ ఆటాకి సంబంధించింది కాదండోయ్! సామానుకి పాస్‌పోర్టు లాంటిది. మన దేశంలో ఫిక్కీ ఇస్తుంది, ఏడాది పనిచేస్తుంది.

సంపాదన మీద పన్ను ముందు ఆ దేశంలోనే పడుతుంది. అమెరికాలో విదేశీ కళాకారుడి పారితోషికంలో మామూలుగా నూటికి 30 వంతులు పట్టుకునే ఇస్తారు. మన దేశంలో రిటర్ను వేసేటప్పుడు ఆ ఆదాయాన్నీ చూపాలి. రెండు దేశాల ఒప్పందం ప్రకారం అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ తగ్గింపు అడగవచ్చు. అందుకే పన్ను పట్టుకున్నట్టు కాగితం తీసుకోకుండా విమానం ఎక్కవద్దని అబ్బాయికి చెప్పండి.

"సరే" అనే ముందు అడగాల్సినవి

* పిలిచేదెవరు? చుట్టమా, సంస్థా, ఏజెంటా? ఆహ్వానం కాగితం మీద ఉందా?
* ఏ రకం వీసా? దాని మీద ఈ పని చేయవచ్చని ఎవరు చెప్పారు? ఆ దేశపు కాన్సులేట్ వివరాల్లో అబ్బాయి తనే చదివాడా?
* దరఖాస్తులో "డీజే" అని, వెళ్ళే పనేమిటని నిజమే రాశారా?
* హాలుకి పాటల లైసెన్సు, కార్యక్రమానికి పర్మిట్ ఎవరు తీసుకుంటున్నారు? కాపీ పంపారా?
* పారితోషికం ఎంత, పన్ను పోను చేతికెంత? రాతపూర్వకంగా ఉందా?
* కార్యక్రమం రద్దయితే తిరుగు టికెట్ ఖర్చు ఎవరిది?

ఇవన్నీ అడిగితే చుట్టాలేమనుకుంటారో అని మొహమాటపడకండి. పిలిచినవాళ్ళు పెళ్ళి పనుల్లో పడి మరిచిపోతారు. కౌంటరు దగ్గర ఒంటరిగా నిలబడేది మాత్రం మన పిల్లవాడే.

మొన్న వదినగారికి మళ్ళీ ఫోనొచ్చింది. ఈసారి లండన్ నుంచి, దూరపు బంధువులు. "అబ్బాయిని పంపండి, మిగతావన్నీ మేం చూసుకుంటాం" అన్నారట. వదినగారు స్టవ్ కట్టేసి, నిదానంగా కూర్చుని, "పంపిస్తానమ్మా, సంతోషం. ముందు మీ ఏజెంటు చేత ఆహ్వానపత్రం పంపించండి. వీసా కాగితంలో ఆ పని రాసి వస్తేనే వాడు బయల్దేరతాడు" అన్నారు.

జంతికల పిండి ఇంకా కలపలేదు. కాగితం వచ్చాకే కలుపుతారట!