గడి లోపలి భయం

బాన్సువాడ చుట్టుపక్కల వరి పొలాలకు నీళ్లిచ్చే నిజాంసాగర్‌ను మంజీర మీద 1923లో కట్టడం మొదలుపెట్టి 1931లో ముగించారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్, కట్టించిన ప్రభువు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. బాన్సువాడ అప్పుడు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కేంద్రంలోని కోట జైల్లోనే 1948లో కవి దాశరథి కృష్ణమాచార్య ఆ ప్రభువును తిడుతూ గోడల మీద బొగ్గుతో పద్యం రాశాడు. రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి కూడా అప్పుడు అదే జైల్లో ఖైదీ. కాలువ చూసినవాళ్లకు ఒక నిజాం, జైలు చూసినవాళ్లకు ఇంకో నిజాం. ఏది అసలు రూపమని వాదించుకోవడం దండగ. రెండూ ఒకే పాలనవి, పైగా ఒకదానికొకటి అవసరమైనవి.

కెనడా ఆర్థికవేత్త రోనాల్డ్ విన్‌ట్రోబ్ నియంతృత్వం మీద 1998లో ఒక పుస్తకం రాశాడు. గద్దె నిలబెట్టుకోవడానికి నియంత చేతిలో ఉండే పనిముట్లు రెండేనంటాడు: భయపెట్టడం, విధేయతను కొనుక్కోవడం. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఎంత భయపెడితే ఎదుటివాళ్లు అంతగా మనసులో మాట దాస్తారు. పొగిడేవాడు నిజంగా పొగుడుతున్నాడో, ప్రాణం కోసం పొగుడుతున్నాడో పాలకుడికి తెలిసే దారి ఉండదు. తెలియదు కాబట్టి అనుమానం, అనుమానం కాబట్టి ఇంకొంచెం జులుం, దాంతో ఇంకొంచెం చీకటి. హైదరాబాదు సంస్థానంలో ముందస్తు అనుమతి లేకుండా సభ పెట్టకూడదని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. దాంతో జనం నోరు మూతపడింది, ఆ నోటి నుంచి వినాల్సిన సర్కారు చెవి కూడా మూతపడింది.

ఆ చీకటి ఎంత దూరం పోయిందో చూడండి. 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున, భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కోసం ఢిల్లీకి బయల్దేరబోతున్న నిజాం ప్రతినిధుల ఇళ్లను రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ మనుషులు చుట్టుముట్టారు. ప్రధాని ఛత్తారీ నవాబు, సలహాదారు వాల్టర్ మాంక్‌టన్ కదలలేకపోయారు. ఆ తర్వాత ఛత్తారీ రాజీనామా చేశాడు, లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయాక, 1948 సెప్టెంబరు 23న, నిజాం రేడియోలో మాట్లాడుతూ ఒక చిన్న ముఠా హిట్లర్ పద్ధతుల్లో రాజ్యాన్ని చేజిక్కించుకుని తనను నిస్సహాయుణ్ని చేసిందన్నాడు. ఓడిన మర్నాడు ఏ ప్రభువైనా చెప్పుకునే మాటే కదా, సగానికి సగం తగ్గించి వినాలి. అయినా అందులో ఒక నిజం ఉంది. రజాకార్లు పెరుగుతున్నప్పుడు ఊళ్లు తనకు భయపడుతున్నాయి కదా అని ఊరుకున్న రాజు, చివరకు తానే వాళ్లకు భయపడాల్సి వచ్చింది.

ఇలాంటివాళ్లకు అధికారం మీద అంత యావ ఎందుకు? చనిపోయిన నియంతకు మానసిక రోగం అంటగట్టడం సులువు. స్వయంగా పరీక్షించని ప్రజాజీవితంలోని మనిషి గురించి వృత్తిపరంగా తీర్పు చెప్పకూడదని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973 నుంచీ ఒక నియమం పెట్టుకుంది. ఆ నియమం మనకూ మంచిదే. మనిషికి జబ్బు ఉందా లేదా అని తవ్వడం కన్నా, అధికారం మామూలు మనిషి మెదడును ఏం చేస్తుందని అడిగితే ఎక్కువ తెలుస్తుంది.

2006లో ఆడం గలిన్‌స్కీ బృందం ఒక తమాషా పరీక్ష పెట్టింది. కొందరిని తాము ఎవరిమీదైనా పెత్తనం చేసిన సందర్భాన్ని, మిగతావాళ్లను తమమీద పెత్తనం నడిచిన సందర్భాన్ని గుర్తు చేసుకోమంది. తర్వాత నుదుటి మీద ఇంగ్లీషు ‘ఈ’ అక్షరాన్ని రాసుకోమంది. ఎదుటివాడికి సరిగ్గా కనపడేలా రాస్తారా, తమ వైపు నుంచి రాస్తారా అన్నదే చూడాల్సింది. పెత్తనాన్ని తలుచుకున్నవాళ్లలో 33 శాతం మంది తమ వైపు నుంచే రాశారు, రెండో గుంపులో 12 శాతమే. 2014లో సుఖ్‌విందర్ ఓభి బృందం మెదడు స్పందనలనే కొలిచింది. ఎవరో చేత్తో రబ్బరు బంతిని నొక్కుతుంటే చూసేవాడి మెదడులోనూ ఆ కదలిక కొంత ప్రతిధ్వనిస్తుంది. పెత్తనం తలపుకు తెచ్చుకున్నవాళ్లలో ఆ ప్రతిధ్వని తగ్గింది. ఇవి చిన్న ప్రయోగాలు, వీటి మీద మేడలు కట్టకూడదు. కానీ తెలంగాణ ఊళ్లలో దొర ఉండే గడి గురించి తెలిసినవాళ్లకు ఆశ్చర్యమేమీ అనిపించదు. దొర ముఖం ఎర్రబడిందా చల్లబడిందా అని వెట్టివాడు రోజంతా కనిపెట్టుకుని ఉండాలి, లేకపోతే వీపు పగులుతుంది. వెట్టివాడి ముఖం చూడాల్సిన అవసరం దొరకు ఏనాడూ రాదు. అవసరం రాని చూపు మొద్దుబారుతుంది. విన్‌ట్రోబ్ చెప్పిన గుడ్డితనం బయటి నుంచి వస్తే, ఇది లోపలి నుంచి వస్తుంది. రెండూ కలిసినచోట విసునూరు రామచంద్రారెడ్డి లాంటి దేశ్‌ముఖ్‌లు తయారయ్యారు.

ఇక భయపడేవాళ్ల సంగతి. ఊళ్లో వందల మంది ఉంటారు, గడిలో గూండాలు పదుల్లోనే. లెక్క ఎలా కుదిరింది? భయం నేర్చుకోవడానికి మనిషి స్వయంగా దెబ్బ తినాల్సిన పనిలేదు. ఆండ్రియాస్ ఓల్సన్, ఎలిజబెత్ ఫెల్ప్స్ 2007లో దీన్ని మెదడు స్కానర్‌లో చూశారు. ఇంకొకరికి కరెంటు షాకు తగలడాన్ని వీడియోలో చూసినప్పుడు మెదడులోని అమిగ్డలా చురుకెక్కింది. తర్వాత ఆ షాకు తమకే తగలబోతోందని ఎదురుచూస్తున్నప్పుడూ అలాగే చురుకెక్కింది. అందుకే దండన చాటుగా కాకుండా గడి ముందు, పదిమందీ చూస్తుండగా జరిగేది. ఒక్కణ్ని కొడితే ఊరంతా నేర్చుకునేది. అప్పులో, కౌలులో, వెట్టిలో తరాలుగా ఉన్నవాళ్లకు పారిపోయే దారీ లేదు.

1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాలతో ‘నేర్చుకున్న నిస్సహాయత’ అనే మాట ప్రసిద్ధమైంది. తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కలు, తర్వాత దారి తెరిచినా కదలకుండా పడి ఉండేవి. అర్ధ శతాబ్దం తర్వాత, 2016లో, వాళ్లే తమ సిద్ధాంతాన్ని తలకిందులు చేశారు. దీర్ఘకాలం బాధ పడే జీవి చతికిలబడటం పుట్టుకతో వచ్చిన స్పందనేనట. నేర్చుకోవాల్సింది ‘నా చేతిలో కొంత ఉంది’ అన్నది. మెదడు ముందుభాగం ఆ సంగతి పసిగడితే నిస్సహాయతను అణిచేస్తుంది. సైన్సులో ఇంత హుందాగా తమ మాట తామే సవరించుకోవడం తరచూ చూడం.

తెలంగాణలో ఆ పాఠం చెప్పింది ఆంధ్ర మహాసభ, జనం నోట సంగం. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను ఎత్తుకుపోవడానికి విసునూరు మనుషులు వచ్చినప్పుడు సంగంవాళ్లు తరిమికొట్టారు, ధాన్యం ఐలమ్మ ఇంటికే చేరింది. దొర మనుషులు పరుగెత్తడాన్ని కూడా ఊరు చూసింది కదా. భయం పాకిన తోవనే తెగువా పాకింది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద కాల్పుల్లో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య చనిపోయాడు. పాత లెక్క ప్రకారం జనం చెదిరిపోవాలి. జనం గడి వైపు మళ్లారు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో ఊరి తర్వాత ఊరు లేచింది. వేరే చోట్లా ఇదే జరిగింది. రుమేనియాలో 1989 డిసెంబరు 21న నియంత చౌషెస్కూ తానే పిలిపించిన సభలో కేకలు మొదలైతే నోటమాట రాక నిలబడిపోయాడు. నాలుగు రోజుల్లో అతని పాలనా, ప్రాణమూ పోయాయి. ఎవరి మనసులో ఏముందో అప్పటిదాకా పక్కపక్కన నిలబడ్డవాళ్లకే తెలియదు.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది, కానీ భయం అంత సులువుగా దిగిపోదు. ఓల్సన్, ఫెల్ప్స్ మరో ఇద్దరితో కలిసి 2005లో ఇంకో సంగతి బయటపెట్టారు. తమ జాతివాడి ముఖంతో ముడిపడ్డ భయం ప్రమాదం తొలగాక పోతుంది, పరాయి జాతి ముఖంతో ముడిపడితే మొండిగా మిగిలిపోతుంది. తెల్లవాళ్లలోనూ నల్లవాళ్లలోనూ ఇదే ఫలితం. హైదరాబాదులో ఆ పరాయితనం మతానిది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద పడి చంపినవాళ్లు రజాకార్లు, నిజాం పోలీసులు. సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక ఆ కసి, ఆ భయం రజాకార్ల దగ్గర ఆగలేదు. మరాఠ్వాడా, బీదర్ వైపు జిల్లాల్లో తుపాకీ ముట్టని మామూలు ముస్లింలను ఊచకోత కోశారు. ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ, తగ్గించి లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారంది. ఆ నివేదికను చాలా ఏళ్లు బయటికి రానివ్వలేదు. రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఉస్మాన్ అలీఖాన్ 1950 నుంచి 1956 దాకా అదే హైదరాబాదుకు రాజప్రముఖ్‌గా ఉన్నాడు.