తలుపులు తెరచిన త్రిత్వ కళాశాల
డబ్లిన్ ట్రినిటీ కళాశాల – నాలుగు శతాబ్దాల చరిత్ర

ఐర్లండు దేశ రాజధాని డబ్లిన్ నగరం నడిబొడ్డున, రాతి ద్వారం వెనుక విశాలమైన ప్రాంగణం ఒకటి ఉన్నది. దాని పూర్తి పేరు పరిశుద్ధ అవిభాజ్య త్రిత్వ కళాశాల. అందరూ ట్రినిటీ కళాశాల అంటారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున ఆరంభమైన ఈ విద్యాలయానికి 400 ఏండ్లు దాటాయి. ఈనాడు 20,000 మందికి పైగా విద్యార్థులు అక్కడ చదువుకుంటున్నారు. సంఘం కట్టిన బడి ఎవరికోసం అనే ప్రశ్న మన మిషను పాఠశాలల ఎదుట కూడా ఉన్నది. ఆ ప్రశ్నకు ట్రినిటీ కళాశాల చాలాకాలం ఒక విధంగా జవాబు చెప్పింది. తరువాత మెల్లమెల్లగా ఇంకొక విధంగా చెప్పడం నేర్చుకుంది. అందుకే ఈ చరిత్ర మన కుటుంబాలు తెలుసుకోదగినది.

మఠం ఉన్న చోట బడి

ఇంగ్లండు రాజైన ఎనిమిదవ హెన్రీ 1538లో డబ్లిన్ గోడల వెలుపల ఉన్న ఒక మఠాన్ని మూసివేయించాడు. ఆ భూమి నగర సభ వశమైంది. ఆయన కుమార్తె మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, ఐర్లండులో ప్రొటెస్టెంటు బోధకులను తయారుచేయడానికి విశ్వవిద్యాలయం కావాలని డబ్లిన్ పెద్దలు కోరారు. నగర సభ ఆ మఠం స్థలాన్ని ఇచ్చింది. 1592 మార్చిలో రాణి అనుమతి పత్రం వచ్చింది. డబ్లిన్ ఆర్చిబిషప్పు ఆడమ్ లోఫ్టస్ మొదటి అధ్యక్షుడయ్యాడు. అక్కడ ఆ పదవిని ప్రొవోస్టు అంటారు. 1594లో మొదటి విద్యార్థులు చేరారు.

ఆ మొదటి విద్యార్థులలో జేమ్స్ అషర్ ఒకడు. అప్పటికి అతని వయస్సు 13 సంవత్సరాలు. తరువాత ఆయన అర్మా ఆర్చిబిషప్పు అయ్యారు. పాత ఇంగ్లీషు బైబిళ్ళలో ఆదికాండము మొదటి పుట అంచున క్రీస్తు పూర్వం 4004 అని అచ్చయి ఉండడం కొందరు పెద్దలు చూసే ఉంటారు. ఆ లెక్క కట్టింది ఈ అషర్ గారే. ఆయన జీవితమంతా కూడబెట్టిన పుస్తకాలు 1661లో ట్రినిటీ గ్రంథాలయానికి చేరాయి.

మాతృభాషలో వాక్యం

కళాశాలకు ఆరంభం నుండి ఒక చిక్కు ఉన్నది. దేశ ప్రజలలో అత్యధికులు రోమన్ కథోలికులు. వారి భాష ఐరిష్. పాలకుల మతం ప్రొటెస్టెంటు, భాష ఇంగ్లీషు. ప్రజలకు అర్థంకాని భాషలో బోధ చేస్తే ఎవరు వింటారు?

ఈ లోటు గ్రహించినవారు కొందరున్నారు. కళాశాల తొలి ఉపాధ్యాయులలో ఒకరైన విలియమ్ డేనియల్ కృషితో ఐరిష్ భాషలో క్రొత్త నిబంధన 1600ల తొలి సంవత్సరాలలో అచ్చయింది. ఇక పాత నిబంధన పని తలకెత్తుకున్నది విలియమ్ బెడెల్ గారు. ఆయన ఇంగ్లండువాడు. 1627లో ట్రినిటీ ప్రొవోస్టుగా వచ్చాడు. వచ్చిన తరువాత తానే ఐరిష్ నేర్చుకొనసాగాడు. కళాశాలలో ఐరిష్ పాఠాలు, ఐరిష్ ప్రార్థనలు పెట్టించాడు. విద్యార్థులు భోజనానికి కూర్చున్నప్పుడు ఐరిష్ క్రొత్త నిబంధనలోని అధ్యాయం చదివించాడు.

1629లో ఆయన కిల్మోర్ బిషప్పు అయ్యారు. ఐరిష్ పండితుల సహాయంతో పాత నిబంధన అనువాదం సాగించారు. ఈ పని పాలకవర్గంలోని చాలామందికి గిట్టలేదు. జనం భాషను అణచివేయాలి గాని దానికి గౌరవం కట్టబెట్టడమేమిటని వారి ఆలోచన. అనువాదకుడైన మర్టా కింగ్ అనే వృద్ధుడు తోటి సంఘపెద్దల చేతనే బాధలు పడి జీవనాధారం పోగొట్టుకున్నాడు.

1641లో ఐరిష్ ప్రజల తిరుగుబాటు రేగింది. ఇంగ్లీషువారి ఇండ్లు దోపిడికి గురయ్యాయి. బెడెల్ గారి ఇంటిని మాత్రం తిరుగుబాటుదారులు కొంతకాలం ముట్టలేదు. ఆయన తన ఇంట శరణార్థులను చేర్చుకున్నారు. తరువాత ఆయనను చెరువు మధ్యనున్న కోటలో బంధించారు. విడుదలైన కొద్దికాలానికే, 1642 ఫిబ్రవరిలో, జ్వరంతో ఆయన ప్రభువునందు నిద్రించారు. సమాధి చేసే దినాన తిరుగుబాటుదారులే ఆయుధాలతో వచ్చి, తుపాకులు పేల్చి, గౌరవ వందనం చేశారు. తమ భాష నేర్చుకున్న మనిషిని శత్రువులు కూడా మరువలేదు. అనువాద ప్రతిని డెనిస్ షెరిడన్ అనే ఐరిష్ బోధకుడు కాపాడాడు. విజ్ఞానశాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ సొమ్ముతో అది 1685లో అచ్చయింది. బెడెల్ గారు కన్నుమూసిన 43 ఏండ్లకు!

దోపిడి నుండి తప్పిన సువార్తల గ్రంథం

ఈ కళాశాల పేరు చెప్పగానే లోకమంతటా గుర్తుకు వచ్చేది కెల్స్ గ్రంథం. నాలుగు సువార్తలు లాటిన్ భాషలో చేతితో వ్రాసిన ప్రతి ఇది. క్రీస్తు శకం 800 ప్రాంతంలో సన్యాసులు దూడ చర్మంపై వ్రాశారు. 680 పుటలు. ఒక్కొక్క పెద్దక్షరం చుట్టూ రంగురంగుల అల్లికలు, పక్షులు, జంతువులు, దేవదూతలు. ముత్యాల వంటి అక్షరాలు నేటికీ స్పష్టంగా ఉన్నాయి.

సముద్రపు దొంగల దాడులకు తాళలేక అయోనా ద్వీపంలోని సన్యాసులు ఐర్లండులోని కెల్స్ ఊరికి వచ్చారు. అక్కడి మందిరం నుండి 11వ శతాబ్దం ఆరంభంలో ఈ గ్రంథాన్ని దొంగలెత్తుకుపోయారు. వారికి కావలసింది బంగారు అట్ట. అట్ట ఊడదీసుకొని వాక్యాన్ని మట్టిలో పారేశారు. రెండు నెలలు దాటాక అది మట్టిపెళ్ళల కింద దొరికింది. 1661లో బిషప్ హెన్రీ జోన్స్ దానిని ట్రినిటీకి అప్పగించారు. 2011లో యునెస్కో ప్రపంచ స్మృతుల పట్టికలో దానికి చోటిచ్చింది.

గ్రంథాలయంలోని పొడవాటి గది 1712, 1732 సంవత్సరాల మధ్య కట్టింది. దాని పొడవు 65 మీటర్లు. రెండు లక్షల పాత పుస్తకాలకు అది నిలయం. 2019లో పారిస్‌లోని నోత్రదామ్ దేవాలయం కాలిపోవడం చూసి, తమ గది భద్రత గురించి కూడా కళాశాలవారు మేల్కొన్నారు. ఆ పుస్తకాలను అరల నుండి దించి, ఒక్కొక్కటిగా దుమ్ము దులిపి, భద్రపరచి, భవనాన్ని బాగుచేసే పెద్ద పని పూనుకున్నారు.

ఆ పుస్తకాలు ఈనాటికి నిలిచాయంటే దాని వెనుక మరొక మేలు ఉన్నది. 1689లో రెండవ జేమ్స్ రాజు సైనికులు కళాశాలను ఆక్రమించి బారకాసుగా, చెరసాలగా మార్చారు. ఆ సమయంలో ప్రొవోస్టుగా నియమించబడిన మైకేల్ మూర్ ఒక కథోలిక ఫాదరు. ఆయన, టీగ్ మెకార్తీ అనే మరొక ఫాదరు కలిసి, సైనికుల చేత గ్రంథాలయం నాశనం కాకుండా అడ్డుపడ్డారు. ప్రొటెస్టెంటుల పుస్తకాలను కథోలికులు కాపాడారన్నమాట.

మూసిన తలుపులు

ఆ మేలుకు తగిన ప్రతిఫలం చాలాకాలం దక్కలేదు. పట్టా పుచ్చుకునే వేళ చేయవలసిన ప్రమాణం కథోలికుడు మనస్సాక్షితో చేయగలిగింది కాదు. దేశంలో అత్యధిక సంఖ్యాకుల బిడ్డలకు దేశంలోని ఏకైక విశ్వవిద్యాలయంలో పట్టా లేదు. 1793లో ఆ అడ్డు తొలగింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల కంటే ఇది ముందే. అయినా పెద్ద ఉద్యోగాలు, ముఖ్యమైన విద్యార్థి వేతనాలు ఐర్లండు సంఘ సభ్యులకే దక్కేవి. ప్రెస్బిటేరియనులు కూడా బయటివారే. 1873లో గాని పార్లమెంటు చట్టం వచ్చి ఈ భేదాలను తీసివేయలేదు.

ఇటు తలుపు తెరిచేసరికి అటు తలుపు మూసుకుంది. కథోలిక బిషప్పులు తమ విశ్వాసుల పిల్లలను ట్రినిటీకి పంపవద్దన్నారు. ఆ ఆంక్ష 1970 వరకు నిలిచింది. పగ పెంచుకోవడానికి ఒక తరం చాలు. తీర్చుకోవడానికి ఎన్ని తరాలు పట్టిందో చూడండి.

స్త్రీలకు 1904లో ప్రవేశం దొరికింది. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలు స్త్రీలను పరీక్షలకు కూర్చోనిచ్చి పట్టా మాత్రం ఇచ్చేవి కావు. 1904 నుండి 1907 వరకు అక్కడ చదివిన వందలాది స్త్రీలు ఓడెక్కి డబ్లిన్ వచ్చి ట్రినిటీ పట్టాలు తీసుకున్నారు. అయితే ట్రినిటీలోనే చదివే అమ్మాయిలు మాత్రం సాయంత్రం 6 గంటలకల్లా ప్రాంగణం విడిచి పోవాలనే నియమం 1960ల వరకు సాగింది. 2021లో లిండా డోయిల్ మొట్టమొదటి మహిళా ప్రొవోస్టు అయ్యారు.

కళాశాల మందిరంలో 1970ల నుండి ఆంగ్లికనులు, కథోలికులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు అందరూ ఆరాధన జరుపుకుంటున్నారు. 1991లో థామస్ మిచెల్ ప్రొవోస్టు అయ్యారు. మైకేల్ మూర్ తరువాత, 300 ఏండ్లకు, ఆ కుర్చీలో కూర్చున్న కథోలికుడు ఆయనే.

ఇటీవల మరొక పాత లెక్క కూడా సరిచూసుకున్నారు. ఒక గ్రంథాలయ భవనానికి ఇక్కడే చదివిన తత్వవేత్త, బిషప్పు జార్జ్ బర్క్లీ పేరుండేది. అమెరికాలో ఉన్నప్పుడు ఆయన బానిసలను కొన్నాడు. దేవుని సేవకుడు మనుషులను కొనడం సహించరానిదని తలచి, 2023లో ఆ పేరు తీసివేశారు. ఇప్పుడు ఆ భవనానికి కవయిత్రి ఈవన్ బోలండ్ పేరున్నది.

మన దేశానికి వచ్చిన మేలు

డబ్లిన్ ఎక్కడ, మన పల్లెలు ఎక్కడ అనుకోవచ్చు. కాని సంబంధం లేకపోలేదు.

ట్రినిటీలో చదివిన జార్జ్ గ్రియర్సన్ 1873లో ఉద్యోగిగా మన దేశానికి వచ్చాడు. భారత భాషల సర్వే అనే మహాకార్యాన్ని 1894లో ఆరంభించి 1928లో ముగించాడు. 179 భాషలు, 544 మాండలికాలు లెక్కతేలాయి. అన్ని భాషలనూ పోల్చడానికి ఒకే కథ కావాలి కదా! ఆయన ఎన్నుకున్నది లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానం. ఇంటికి తిరిగివచ్చిన కుమారుని కథను మన దేశంలోని మారుమూల మనుషులు తమ తమ మాటల్లో చెప్పగా వ్రాయించుకున్నాడు. ద్రావిడ భాషల సంపుటంలో మన తెలుగు కూడా ఉన్నది.

1891లో ట్రినిటీ పట్టభద్రులు కొందరు డబ్లిన్ విశ్వవిద్యాలయ మిషనుగా ఏర్పడి హజారీబాగ్‌కు సేవకు వచ్చారు. అది నేటి జార్ఖండు రాష్ట్రంలోనిది. వారు 1899లో స్థాపించిన సెయింట్ కొలంబా కళాశాలలో నేటికీ పిల్లలు చదువుతున్నారు.

ఇక కుష్ఠు రోగుల మాట. మన సాలూరు ఆసుపత్రిని నడుపుతున్న కుష్ఠు మిషను 1874లో డబ్లిన్ నగరంలోనే పుట్టింది. ఎనభై ఏండ్ల తరువాత, అదే నగరంలో, ట్రినిటీలోని ప్రయోగశాలలో విన్సెంట్ బారీ బృందం క్షయకు మందు వెదుకుతూ క్లోఫాజిమిన్ అనే మందు తయారుచేసింది. అది కుష్ఠుకు బాగా పనిచేసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మూడు మందుల చికిత్సలో అది ఒకటి. ఊరి బయట బ్రతుకు వెళ్ళదీసిన మనవారెందరో మళ్ళీ ఇంటికి చేరింది ఈ చికిత్సతోనే.

ఇక్కడే 1952లో పట్టా పొందిన విలియమ్ కాంప్‌బెల్‌కు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పాలుపంచుకున్న ఐవర్‌మెక్టిన్ మందు ఆఫ్రికాలో నదీతీర ప్రజల కండ్లు కాపాడింది. మన దేశంలో 2018 నుండి కొన్ని జిల్లాలలో బోదకాలు నివారణకు ఇస్తున్న మూడు మందులలో ఇదొకటి.

పాస్టరుగారి అబ్బాయి

ఈ కళాశాల బిడ్డలలో మన ఇండ్లలో చెప్పుకోదగినవాడు ఎర్నెస్ట్ వాల్టన్. 1903లో పుట్టాడు. తండ్రి మెథడిస్టు సంఘ కాపరి. కాపరికి తరచు బదిలీలు. ఊరు మారినప్పుడల్లా బడి మారేది. అయినా చదువులో వెనుకబడలేదు. 1922లో విద్యార్థి వేతనంతో ట్రినిటీలో చేరాడు. 1932లో కేంబ్రిడ్జిలో, కాక్‌క్రాఫ్ట్‌తో కలిసి, తాము నిర్మించిన యంత్రంతో పరమాణు కేంద్రకాన్ని చీల్చాడు. 1951లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

పెద్ద దేశాలలో పెద్ద జీతాలకు కొదువ లేదు. కాని వాల్టన్ గారు 1934లోనే ట్రినిటీకి తిరిగివచ్చి, చాలీచాలని పరికరాలతో 1974 వరకు అక్కడే పాఠాలు చెప్పారు. విజ్ఞానం దేవుని సృష్టిని తెలుసుకునే మార్గమని నమ్మి, మెథడిస్టు సంఘంలో కడవరకు విశ్వాసిగా నిలిచారు. అణ్వాయుధాలను వ్యతిరేకించారు. 1995లో ప్రభువును చేరారు.

ప్రియ పాఠకులారా, మన తాతలకు అక్షరం నేర్పింది మిషను బడులే. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజుల్లో ఆ తలుపులు మన కొరకు తెరుచుకున్నాయి. ట్రినిటీ చరిత్రలో మంచి పేరు మిగిలింది కావలి కాసినవారికి కాదు. పరాయి భాష నేర్చుకున్న బెడెల్‌కు, పరాయివారి పుస్తకాలు కాపాడిన మూర్‌కు మిగిలింది. మన సంఘ పాఠశాలల్లో, హాస్టళ్ళలో నేడు ఎవరి పిల్లలకు చోటు లేదు? ఏ మిషను వారని, ఏ కులం వారని, ఆడపిల్లని చూసి మనం ఎవరిని గడప దగ్గరే నిలబెడుతున్నాం? వచ్చే సంఘ కమిటీలో ఈ ప్రశ్న ఎవరైనా ఒకరు లేచి అడగండి. జవాబు చెప్పడానికి మనం 400 ఏండ్లు తీసుకోనవసరం లేదు.