కండ్లకలకేనా? కాస్త చూసుకోండి!

వానలు మొదలయ్యాయంటే చాలు, జలుబూ జ్వరాలతో పాటు కండ్లకలక కూడా మన ఇండ్లలోకి వచ్చి కూర్చుంటుంది. 2023 జులై, ఆగస్టు నెలల్లో మన తెలంగాణలో స్కూళ్లు, హాస్టళ్ల పిల్లలను ఎంత ఏడిపించిందో మీకు గుర్తుండే ఉంటుంది.

మా వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇండ్లున్నాయి. మగ్గం దగ్గర నూలు పీచు ఎగురుతూనే ఉంటుంది. కన్ను ఎర్రబడితే "పీచు పడిందిలే, మూడు రోజుల్లో పోతది" అని ఊరుకుంటాం. ఇక్కడే వస్తుంది చిక్కు. ఎర్రబడ్డ ప్రతి కన్నూ కండ్లకలక కాదు.

తేడా ఎలా తెలుస్తుంది?

నీళ్లు కారుతూ, ఇసుక పడ్డట్టు గరగరలాడి, ఒకటి రెండు రోజుల్లో రెండో కంటికి కూడా వస్తే అది చాలావరకు వైరస్ వల్ల వచ్చే కలక. వారం నుంచి రెండు వారాల్లో తగ్గుతుంది. దీనికి యాంటీబయాటిక్ చుక్కలు పనిచేయవు. పచ్చటి పుసి పట్టి, పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోతే బాక్టీరియా కావచ్చు. దీనికి డాక్టరు చుక్కల మందు రాస్తారు. రెండు కండ్లూ విపరీతంగా దురద పెడితే ఎలర్జీ అనుకోవచ్చు. ఇది ఇంకొకరికి అంటదు.

ఇంట్లో ఏం చేయాలి?

కాచి చల్లార్చిన నీళ్లలో శుభ్రమైన దూది ముంచి, ముక్కు వైపు నుంచి బయటికి తుడవండి. ఒకసారి తుడిచిన దూదిని మళ్లీ వాడకుండా పారేయండి. చల్లటి తడిగుడ్డ వేస్తే మంట తగ్గుతుంది. తువ్వాల, దిండు గలీబు ఎవరివి వారికే ఉంచి, వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. కన్ను ముట్టుకున్నప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కోండి. కాటుక మానండి. ఒకరి చుక్కల మందు ఇంకొకరికి వేయకండి. అన్నట్టు, కలక చూస్తే అంటుకోదమ్మా! చేతులతోనూ గుడ్డలతోనూ అంటుకుంటుంది.

ఇవి మాత్రం వద్దు

చంటిపిల్లల తల్లి పాలు, ఆముదం, ఆకుపసర్లు కంట్లో పోయకండి. మందుల షాపులో అడిగి తెచ్చిన చుక్కల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. ఎరుపు తొందరగా తగ్గుతుంది కానీ, లోపల నల్లగుడ్డు మీద పుండు ఉంటే అది ఇంకా ముదురుతుంది.

ఆలస్యం చేయకూడనివి

కన్ను బాగా నొప్పి పెట్టినా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి. వడ్లగింజో, పుల్లో, దారమో తగిలాక ఒక కన్నే ఎర్రబడితే అసలే అశ్రద్ధ వద్దు. పుండు మానినా పువ్వు మిగిలి చూపు పోవచ్చు. పురిటి బిడ్డ కంట్లో చీము కనిపించినా అంతే, వెంటనే తీసుకెళ్లాలి.

మా వరంగల్‌లో సర్కారు ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. మీ ఊరికి దగ్గర్లో కంటి డాక్టరు ఎక్కడున్నారో ముందే కనుక్కొని పెట్టుకోండి. వంట, పిల్లలు, మగ్గం పని ఒక పూట ఆగితే మళ్లీ అందుకోవచ్చు. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు కదా!