బోదకాలు కర్మఫలము కాదు

బోదకాలు ఏల వచ్చినదని పల్నాటి గ్రామములలో అడిగినచో తరచుగా రెండు సమాధానములు వినవచ్చును. ఒకటి "పూర్వకర్మ", రెండవది "డెల్టా నీళ్లు పడలేదు". మొదటిది అజ్ఞానము. రెండవదానిలో అర్ధసత్యము కలదు. పాతనీరు నిలిచియుండు ప్రదేశములందు శ్లీపదము విశేషముగా పుట్టునని సుశ్రుతసంహిత ఏనాడో చెప్పినది. అయితే దోషము త్రాగు నీటిది కాదు; మురుగునీట పెరుగు దోమది. బోదక్రిమి దోమ శరీరమున పెరుగునని 1877లో చైనాలోనుండిన మాన్సను వైద్యుడు కనిపెట్టెను.

మన దేహమున రక్తనాళములకు తోడుగా శోషరస నాళములు కలవు. కండలలోనికి ఊరిన నీటిని మరల రక్తమున చేర్చుట వాని పని. క్రిములు ఆ నాళములలో ఏండ్ల తరబడి నివసించి వానిని చెరచును. మురుగుకాలువ పూడిన పొలమున నీరు నిలిచినట్లు కాలిలో రసము నిలిచి వాపు పుట్టును. రొమ్ము క్యాన్సరు చికిత్సలో చంకలోని గ్రంథులను తీసివేసిన కొందరు స్త్రీలకు చేయి వాచుటకు కారణమును ఇట్టిదియే. అచట క్రిమి లేదు, దారి మూతపడుట మాత్రమే కలదు. రెండింటిలో ఏదియు తాకినంతమాత్రమున అంటునది కాదు.

ఈ క్రిమికి డై ఇథైల్ కార్బమజీను అను మందును 1947లో లోకమునకు అందించిన పరిశోధకులకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆంధ్రుడిచ్చిన మందును ప్రభుత్వము ఉచితముగా ఇంటికి తెచ్చి ఇచ్చినపుడు, "మాకు జబ్బు లేదుగదా" యని గూటిలో పడవేయువారు కలరు. క్రిమి సోకిన అనేక సంవత్సరములకుగాని వాపు కనబడదని వారెరుగరు.

ముదిరిన వాపు పూర్తిగా తీయుట అరుదు. కాని ప్రతిదినము సబ్బుతో కడిగి, వ్రేళ్ల సందులు తడిలేకుండ తుడిచి, పుండ్లకు మందువ్రాసి, కూర్చున్నపుడు కాలు ఎత్తుననుంచినచో జ్వరబాధలు తగ్గును, వ్యాధి ముదరదు. చీర కుచ్చెళ్ల మాటున కాలు దాచుకొను ఇల్లాలికిని, సంబంధము తప్పునను భయమున కుమార్తెను వైద్యునికి చూపని తండ్రికిని మేము చెప్పునది ఒక్కటే: దాచిన ప్రతిదినము వ్యాధికి దక్కిన దినము.

1967లో సాగరు కుడికాలువ నీరు వచ్చినది మొదలు పల్నాటి మెట్టలు మాగాణులాయెను. పొలమునకు నీరు పారుట భాగ్యము. వీధిలో మురుగు నిలుచుట మన అలసత ఫలము. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతముల రైతుపెద్దలు పొలముల కాలువపై చూపు శ్రద్ధలో పాతికపాలు ఊరి మురుగుకాలువపై చూపుదురుగాక!