గాజు స్ప్రింగు

గాజు కడ్డీని గానీ పోగును గానీ వేడిచేసి, చుట్టలుగా మలచిన సాగే భాగాన్ని గాజు స్ప్రింగు అంటారు. దీనిని మామూలు గాజుతోనూ చేయవచ్చు. కొలత పరికరాలలో మాత్రం ప్రధానంగా క్వార్ట్జ్‌ను కరిగించి తీసిన సిలికా గాజును వాడతారు.

ధర్మాలు

గాజు పెళుసు పదార్థమే అయినా దానికి స్థితిస్థాపకత ఉంది. స్ప్రింగును లాగినపుడు పోగు ముఖ్యంగా మెలిపడుతుంది. ప్రతి చుట్టలోని కొద్దిపాటి మెలిక కలసి పెద్ద సాగుదలగా కనిపిస్తుంది. పోగు వ్యాసం సగమైతే అదే బరువుకు సాగుదల 16 రెట్లు, చుట్ట వ్యాసం రెట్టింపైతే 8 రెట్లు అవుతుంది.

లోహపు స్ప్రింగును మితిమీరి లాగితే శాశ్వతంగా సాగిపోతుంది. గాజు స్ప్రింగు గది ఉష్ణోగ్రత వద్ద అలా సాగిపోదు. బరువు తీయగానే యథాస్థితికి వస్తుంది, హద్దు దాటితే విరిగిపోతుంది. అందువల్లనే దాని కొలత నమ్మదగినది. సిలికా గాజు ఉష్ణ వ్యాకోచ గుణకం డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.55×10⁻⁶ మాత్రమే. అయితే వేడికి దాని దృఢత కొద్దిగా పెరుగుతుంది గనుక సున్నితమైన కొలతలలో ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచాలి.

గాజు బలం దాని ఉపరితలంపై ఆధారపడుతుంది. కంటికి కనిపించని గీత వద్దనే పగులు మొదలవుతుందని 1921లో ఎ.ఎ.గ్రిఫిత్ వివరించాడు.

తయారీ

సిలికా కడ్డీని ఆక్సిజన్-హైడ్రోజన్ మంటలో మెత్తబరచి సన్నని పోగుగా లాగుతారు. ఆ పోగును మళ్ళీ మంటలో వేడిచేస్తూ, తిరిగే గ్రాఫైటు కడ్డీపై సమాన దూరంలో చుడతారు. చివరలను కొక్కేలుగా వంచుతారు. పోగును వట్టి చేతితో తాకరాదు. చెమటలోని లవణాలు వేడిలో గాజును స్ఫటికంగా మార్చి బలహీనపరుస్తాయి. మామూలు గాజు స్ప్రింగులను సుమారు 550 డిగ్రీల వద్ద ఉంచి మెల్లగా చల్లారుస్తారు. లేనిచో లోపల మిగిలిన ఒత్తిడి వలన అవి తరువాత పగలవచ్చు.

చరిత్ర, ఉపయోగాలు

1887లో బ్రిటిష్ శాస్త్రవేత్త సి.వి.బాయ్స్ కరిగిన క్వార్ట్జ్‌ను బాణానికి అంటించి, విల్లుతో వదలి అతి సన్నని పోగులు తీశాడు. 1895లో ప్రచురించిన గురుత్వ స్థిరాంక ప్రయోగంలో అటువంటి పోగులనే వాడాడు. 1926లో మెక్‌బేన్, బక్ర్ సిలికా స్ప్రింగుతో ఒక త్రాసును వర్ణించారు. మూసిన గొట్టంలో స్ప్రింగుకు వేలాడదీసిన పదార్థం వాయువును పీల్చుకొని బరువెక్కితే, ఆ మార్పు స్ప్రింగు సాగుదలలో తెలుస్తుంది. క్లోరిన్, అయొడిన్ వంటి వాయువులు లోహాన్ని తినివేస్తాయి, గాజును తినవు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మాత్రం గాజును కరిగిస్తుంది. భూగురుత్వంలోని స్వల్ప భేదాలను కొలిచే వర్డెన్ గ్రావిమీటరులోనూ క్వార్ట్జ్ స్ప్రింగులే ఉంటాయి.