నా తలలో ఒక చిన్న పైపుంది!

నా కుడి చెవి వెనక వేలు పెడితే బఠాణీ గింజంత బుడిపె తగులుతుంది. కాలేజీలో కొత్త ఫ్రెండ్స్ ఎవరైనా ‘ఇదేంటే?’ అని అడిగితే ‘వాల్వు’ అంటాను. జోక్ అనుకుని నవ్వేస్తారు. కానీ అది నిజంగానే వాల్వు.

మన మెదడు లోపల చిన్న చిన్న గదుల్లాంటి ఖాళీలుంటాయి. పెద్దవాళ్లలో అయితే అక్కడ రోజుకు దాదాపు అర లీటరు ద్రవం తయారవుతుంది. మెదడు, వెన్నుపాము చుట్టూ తిరిగి మళ్లీ రక్తంలో కలిసిపోతుంది. దారి మూసుకుపోయినా, ద్రవం సరిగా ఇంకకపోయినా లోపలే నిండిపోతుంది. అదే హైడ్రోసెఫలస్. మన ఊళ్లలో ‘తలలో నీరు చేరింది’ అంటారు.

మాది ఖమ్మం జిల్లా బోనకల్. నాకు నాలుగు నెలలప్పుడు అమ్మమ్మ కుట్టిన టోపీ పది రోజుల్లోనే పట్టకుండా పోయిందట. మాడు ఉబ్బింది. కళ్లు ఎప్పుడూ కిందికే వాలి ఉండేవి. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. చివరికి అంగన్‌వాడీ టీచర్ టేపుతో తల కొలిచి, ‘ముందు ఖమ్మం తీసుకెళ్లండి’ అని గట్టిగా చెప్పింది. అక్కడి నుంచి హైదరాబాద్ పంపారు. మెదడులోంచి చెవి వెనకగా, మెడ, ఛాతీ చర్మం కింది నుంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేశారు. దాన్నే షంట్ అంటారు. తలలో ఒత్తిడి పెరిగితే వాల్వు తెరుచుకుంటుంది. ఎక్కువైన ద్రవం పొట్టలోకి దిగి, అక్కడే ఇంకిపోతుంది.

ఇలాంటి వాల్వుల్లో మొదట పేరు తెచ్చుకున్నదాన్ని తయారుచేసింది డాక్టర్ కాదు, ఒక మెకానిక్! అమెరికాలో జాన్ హోల్టర్ అనే ఆయన తన కొడుకు కేసీకి ఇదే జబ్బు ఉండటంతో 1956లో దాన్ని రూపొందించాడు. మన దేశంలో తయారయ్యే ఛాబ్రా షంట్‌ను ఉగాండాలో ఖరీదైన విదేశీ షంట్‌తో పోల్చి చూస్తే, ఏడాది తర్వాత ఫలితాల్లో పెద్ద తేడా కనిపించలేదు. కొందరికి అసలు గొట్టమే లేకుండా, ఎండోస్కోప్‌తో లోపలే కొత్త దారి చేస్తారు.

షంట్ వేశారంటే ఇక అయిపోయినట్టే అని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ అంతే. నిజానికి పిల్లలకు వేసిన షంట్లలో దాదాపు 40 శాతం మొదటి ఏడాదిలోనే మొరాయిస్తాయి. గొట్టం పూడుకుపోవచ్చు, తెగిపోవచ్చు. పిల్లలు ఎదిగేకొద్దీ పొడవు చాలకపోవచ్చు. ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లోనే వస్తుంది.

నాది ఇంటర్ సెకండియర్‌లో పూడుకుపోయింది. మిర్చి కోతల రోజులు, అమ్మ చేలో ఉంది. పొద్దున లేవగానే తలపోటు, ఆ వెంటనే వాంతి. ‘పరీక్షల టెన్షన్’ అన్నాడు మామయ్య. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్ర ఇచ్చాడు. రెండో రోజు సాయంత్రానికి నాకు ఒకటే మగత. పిలిస్తే పలకడం లేదట. అప్పుడు అమ్మకు పాత డిశ్చార్జ్ కాగితం గుర్తొచ్చింది. అందులో రాసినవన్నీ నాలో కనిపిస్తున్నాయి. రాత్రికి రాత్రే బయల్దేరదీసింది. స్కాన్ తీసి, అదే రాత్రి పూడుకుపోయిన గొట్టం మార్చారు. ఇంకొన్ని గంటలు ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టర్ చెప్పినప్పుడు అమ్మ గోడకు ఆనుకుని కూలబడిపోయింది.

అందుకే చెబుతున్నా. షంట్ ఉన్నవాళ్లకు తలనొప్పి, వాంతులు, మగత, ఒకటి రెండుగా కనిపించడం, గొట్టం వెంట వాపు, కారణం తెలియని జ్వరం... వీటిలో ఏది కనిపించినా ముందు షంట్‌నే అనుమానించాలి. పసిపిల్లలైతే మాడు ఉబ్బుతుంది, పాలు తాగరు, ఆపకుండా ఏడుస్తారు. న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రికి వెంటనే వెళ్లాలి. ‘రేపు చూద్దాం’ అనే మాటే వద్దు.

నా ఫోన్‌లో ఇప్పుడు ‘షంట్’ అనే ఫోల్డర్ ఉంది. డిశ్చార్జ్ కాగితాలు, వాల్వు వివరాలు, నేను బాగున్నప్పుడు తీసిన స్కాన్... అన్నీ అందులోనే. పాత స్కాన్ పక్కన పెట్టుకుంటే డాక్టర్‌కు తేడా త్వరగా తెలుస్తుంది. రోజూ నాతో ఖమ్మం రైలెక్కే ఇద్దరు ఫ్రెండ్స్‌కూ ఆ ఫోల్డర్ పంపేశా. నేను పలకలేని రోజు వస్తే, నా బదులు మాట్లాడాల్సింది వాళ్లే కదా!